రెండో బక్కెట్టు

మళ్లీ జారింది, చూస్తుండగానే జారింది, సేవ్ కొట్టి మళ్లీ టైపు చేస్తుంటే అక్షరాలు పోయి రెండు వరుసల కింద పడ్డాయి, ఛీ, ఇదేం పీడ, పొద్దుటి నుంచీ ఈ కర్సరు చెప్పిన మాట వినడం లేదు, ఇందుజ రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, నాలుగింటికి మీటింగు, మేనేజరు శ్రీహరి గారు మెత్తగానే అన్నారు, కోడు రాసే ఎడిటరుకి మనవాళ్లు తగిలించిన ఎక్స్‌టెన్షన్లలో ఎవరి దాని వల్లో తేల్చేయండమ్మా, వాళ్లని ప్రాజెక్టులోంచి తప్పించేద్దాం అని, కిటికీ కింద కైకలూరు రోడ్డు మీద ఐసు లారీ హారను, ఇంటి నుంచే ఆఫీసు పని, నాన్న మేత కొట్టు మీది ఈ మేడగదిలోంచి తను లేచి ఎక్కడికి పోతుంది, అయినా తేలిపోయిందిగా, ఇందాక పెర్సిస్ రాసిన ఎక్స్‌టెన్షన్ ఆపగానే కర్సరు కుదురుగా నిలబడింది, సేవ్ చేసినప్పుడల్లా అక్కర్లేని ఖాళీ వరుసలు తుడిచేస్తుంది అది, పాపం ఆ పిల్ల చేరి మూడు నెలలైనా కాలేదు, పదిసార్లు చూసుకున్నానక్కా, నా ఒక్కదాంతో అయితే కదలట్లేదక్కా అంది ఫోన్లో, ఎవరైనా అలాగే అంటారు, ప్రసాదరావు కూడా అలాగే అన్నాడు.

ప్రసాదరావు ఎందుకిప్పుడు, అతను వెళ్లి పదిహేనేళ్లు, కలిదిండిలో నాన్న రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు, కొలిచే వేశానండీ, పొద్దునొక బక్కెట్టు సాయంత్రమొక బక్కెట్టు, అంతకంటే గింజ ఎక్కువ వెయ్యలేదండీ, అమ్మవారి మీద ఒట్టండీ అని తలగుడ్డ చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు, తినని మేత అడుగున కుళ్లి నీళ్లు చెడి రొయ్యలన్నీ చచ్చి తేలాయి, నాన్న వినలేదు, మేత ఎక్కువేశావని పంపేశారు, మళ్లీ కలిదిండిలో ఏ చెరువు మీదా అతనికి పని దొరకలేదు, వాడు పోయాకే చెరువు తేరుకుందమ్మా, తప్పెవరిదో తెలిసిపోలేదూ అని నాన్న ఇప్పటికీ అంటారు, ఇక్కడా తెలిసిపోయింది, ఒక్క వాక్యం మెయిలు కొట్టేస్తే ప్రశాంతంగా అన్నం తినొచ్చు, తప్పు పెర్సిస్‌ది అని రాసింది, పంపబోయి ఆగింది, ఒక్కదాంతో అయితే కదలట్లేదక్కా.

సరే, పెర్సిస్‌ది మళ్లీ పెట్టి తను రాసిన ఎక్స్‌టెన్షన్ ఆపి చూస్తే పోయేదేముంది, తనది, కర్సరు ఎన్నో వరుసలో ఉందో గుర్తుపెట్టుకుని సేవ్ అయ్యాక తిరిగి అక్కడే నిలబెట్టేది, రెండేళ్లుగా ఆఫీసంతా మెచ్చుకుంటున్నది, ఆపింది, టైపు చేసి సేవ్ కొట్టింది, కదల్లేదు, మళ్లీ చేసింది, కదల్లేదు, ఓరి నాయనో, పెర్సిస్‌ది పైన రెండు వరుసలు తుడిస్తే అడుగువన్నీ పైకి జరుగుతాయి, తనదేమో పాత నంబరే పట్టుకుని కర్సర్ని రెండు వరుసలు కిందికి లాక్కెళుతుంది, విడివిడిగా రెండూ బుద్ధిమంతులే, ఏది ఆపినా జబ్బు పోతుంది, ముందు ఆపింది పెర్సిస్‌ది గనక తప్పు పెర్సిస్‌దైపోయింది, తిలా పాపం తలా పిడికెడు అంటారే, తన పిడికెడు కూడా ఆ పిల్ల నెత్తినే పెట్టేసేది.

ఏది ఆపినా, ఆ మాట దగ్గర ఇందుజ ఆగిపోయింది, పదో తరగతి పరీక్షలయ్యాక ఆ సెలవుల్లో తను రోజూ సాయంత్రం సైకిలు గట్టు మీద ఆపి, ప్రసాదరావు మేత వేశాడో లేదో, మర్చిపోయుంటాడులే, పాపం ఆకలితో ఉంటాయని షెడ్డులోంచి బక్కెట్టెడు తెచ్చి చల్లేది, ఎవరితోనూ అనలేదు, నాన్న అతని మీద అరుస్తుంటే తలుపు చాటున నిలబడి కూడా అనలేదు, భయం, అతను వెళ్లాక చెరువు బాగుపడిందిగా, అయితే తప్పు అతనిదే, హమ్మయ్య, తనది కాదు అనుకుని ఇన్నేళ్లూ హాయిగా బతికింది, కానీ అతను వెళ్లిన వారమే కదూ నాన్న తనని ఏలూరు హాస్టల్లో చేర్చింది, గట్టు మీదికి తనూ వెళ్లలేదు కదూ, మెయిల్లో పెర్సిస్ పేరు చెరిపి తన పేరు రాసింది, శ్రీహరి గారికి చెప్పడం ఎంతసేపు, కింద మేత కొట్లో కూర్చున్న నాన్నకి చెప్పాలి, కొలిచే వేశానండీ అన్నాడు, కొలిచే వేశాడు, ఎక్కువైన బక్కెట్టు తనది.