కప్పలు పోయిన పెరడు

మామిడికుదురులో కొబ్బరి రైతు సత్తిబాబు ఇంటికి అత్తగారు వెంకటరత్నం వచ్చారు. పెరటి గుంటలో కప్పల గోలకి ఆవిడకి కునుకు పట్టలేదు.

"కప్పలో నేనో తేల్చండి, అల్లుడుగారూ!"

సత్తిబాబు మనసులో కప్పలకే ఓటేశాడు గానీ, భార్య చూపుకి జడిసి వాటిని వలేసి పట్టి కాలువలో వదిలేశాడు.

వారం తిరక్కుండా దోమలు దండెత్తాయి. తినే నోళ్ళు లేవు మరి. అత్తగారి మొహం పనసకాయలా తయారైంది.

"మళ్ళీ తెచ్చెయ్యండి బాబూ!"

"ఆయ్, అలాగేనండీ."

బకెట్‌తో కప్పలొచ్చాయి, దోమలు తగ్గాయి. కప్పల కోసం ఓ జెర్రిపోతూ వచ్చి అత్తగారి మంచం కింద చుట్టుకుంది.

"దీన్నెవరు పిలిచేరండీ?"

"కప్పలున్నచోటికి పిలవకపోయినా భోజనానికొచ్చేత్తాదండీ."

అత్తగారు సంచి సర్దకుండానే రాజోలు ఆటో ఎక్కేశారు. ఆ జెర్రిపోతు జోలికి మాత్రం సత్తిబాబు ఎవర్నీ పోనివ్వలేదు.