వెనక్కి వేసిన అడుగు

సెలూన్ నడిపేవాడికి చెయ్యీ నోరూ రెండూ ఆడాలంటారు. కూతురు పుట్టాక ఇతనికి రెండూ మరీ ఎక్కువగా ఆడాయి. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. తెల్లారకముందే లేచి పిల్ల గుడ్డలు ఉతకడం, స్నానం చేయించడం, డబ్బా పాలు కలపడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, ఆ మీదట వచ్చినవాళ్ళందరి తలలూ గడ్డాలూ. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా కుర్చీలో కూర్చున్నవాళ్ళు "నీలాంటి మొగుడు దొరకడం ఆ అమ్మాయి అదృష్టమయ్యా" అంటే చాలు, మునగచెట్టెక్కేవాడు. పొగడ్త చేదనే మనిషి ఇంకా పుట్టలేదు కదా.

మధ్య గోడ పల్చన. ఆ పొగడ్తలన్నీ లోపల పడుకున్న భార్యకీ వినపడేవి. ఆమె అటు తిరిగి పడుకునేది. తినమంటే తినేది, లేకపోతే లేదు. "ఇంత చేస్తున్నా ఒక్క నవ్వు లేదు" అని అతనికి లోలోపల ఉక్రోషం. ఏమైందని మాత్రం అడగలేదు.

ఒక మధ్యాహ్నం, గడ్డం చేయించుకోవడానికొచ్చిన బడి మాస్టారికి ఒక చెంప గీసి, రెండో చెంపకి నురగ పట్టిస్తుండగా పిల్ల ఏడుపందుకుంది.

"కాస్త ఎత్తుకోవే!" అని కేకేశాడు. ఏడుపు ఆగలేదు. కత్తి పక్కన పడేసి విసురుగా లోపలికెళ్ళాడు.

మంచం మీద పిల్ల కందిపోయి ఏడుస్తోంది. పక్కనే భార్య, రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చుంది.

"చేతులు పడిపోయాయా నీకు?"

"ఎత్తుకోలేనండీ. భయమేస్తోంది."

"ఏం, జారిపోతుందనా?"

"కాదు, నేనే విసిరేస్తానేమోనని. వద్దు వద్దనుకున్నా అదే ఆలోచన. అది పుట్టినప్పటి నుంచీ."

అతను పిల్లని చటుక్కున లాక్కుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె ఆ అడుగు చూసింది.

"అందుకే చెప్పలేదు," అంది తల దించుకుని.

అతను నిలువునా నీరైపోయాడు. ఇన్నాళ్ళూ ఆమె పిల్లని తన నుంచే కాపాడుకుంటూ కూర్చుందన్నమాట, కంటి మీద కునుకు లేకుండా. తను అలసిపోతే మెచ్చుకోవడానికి కుర్చీ నిండా జనం ఉన్నారు. ఆమెకెవరున్నారు?

పిల్లతో సహా వచ్చి ఆమెకి ఆనుకుని కూర్చున్నాడు.  

"ఏమయ్యోయ్, నురగ ఆరిపోతోంది ఇక్కడ!" అని ముందు గదిలోంచి మాస్టారి గొంతు.

"మిగతాది మీరే గీసుకోండి మాస్టారూ, ఏమనుకోకండి. మేం ఆసుపత్రికి వెళ్ళాలి."

"అయ్యో, పాపకేమైంది?"

"పాప బాగానే ఉందండీ. మా ఆవిడకే బాగాలేదు."

ఆ మాట వినగానే ఆమె అతని భుజం మీద వాలిపోయి, పిల్లకన్నా పెద్దగా ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు. ఇద్దరినీ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.