ఊపిరి తీసేసిన పాట

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ముందుగదిలో ఫోను చేతిలో పట్టుకుని కుర్చీకి అతుక్కుపోయిన నాన్న, మధ్యగదిలో గోడకి చేరగిలబడి తొడల మీద వేళ్లతో వాయించుకుంటున్న, అన్నయ్య బ్యాండులో డ్రమ్ములు కొట్టే పిడుగు, వెనకగదిలో రికార్డింగు మిషను ముందు అన్నయ్య, ఆ మిషను అద్దెకిచ్చి తిరిగి పట్టుకెళ్లడానికి వచ్చిన, మెళ్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడే చెవులాయన, ఎక్కడ నిలబడాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆ ఇంటి చిన్నపిల్ల గువ్వ. అమ్మ లేదు. అమ్మ పోయినప్పటి ఎండలే ఇంకా కాస్తున్నాయి.

సాయంత్రం అన్నయ్య వాళ్ల ఆల్బమ్ ఆన్‌లైన్లో విడుదల. పేరుకి రాక్ బ్యాండే కానీ, ఈసారి వాళ్లు కలపనిదంటూ లేదు. ఒక పాటలో గిటార్ల హోరులోకి ఊరేగింపు బ్యాండు బాకా దూరుతుంది. ఇంకోదాంట్లో పడవవాళ్ల కేకలకి డ్రమ్ములు బదులిస్తాయి. చివరి పాటలో అమ్మ ఉంది.

అమ్మ బట్టలు కుట్టేది. కుట్టుమిషను తొక్కుతూ పాడేది. గుడ్డ తిప్పాల్సి వచ్చినప్పుడు కాలూ ఆగేది, పాటా ఆగేది. ఒక ఊపిరి తీసుకుని మళ్లీ రెండూ కలిపి అందుకునేది. అన్నయ్య మైకు తెచ్చి ఆ మిషను పక్కనే పెట్టాడు. తొక్కుడు చప్పుడే తాళం, దాని మీద అమ్మ గొంతు, ఆ పైన గిటార్లు. అలా తయారైంది ఆ పాట.

మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి వినిపించాడు. నాన్న కళ్లు తుడుచుకుని, "బాగా కుదిరిందిరా" అన్నాడు. పిడుగు తల వంచుకున్నాడు. గువ్వకి మాత్రం వింటుంటే ఏదో తేడాగా తోచింది. పాటలో అమ్మ ఎక్కడా ఆగడం లేదు. చరణం మీద చరణం, ఊపిరన్నదే లేకుండా పాడుకుంటూ పోతోంది. పుట్టినప్పటినుంచీ అమ్మ పక్కన పడుకున్న పిల్లకి ఆ గొంతు కన్నా ఆ ఊపిరే ఎక్కువ తెలుసు. తీసేశారు. ప్రతి ఊపిరినీ తీసేసి, చివర్లు దగ్గరకి లాగి అతికించారు.

అమ్మ మొదట పాడింది పాడినట్టుగా రికార్డింగు మిషనులోనే ఉంది. మిషనేమో ఇంకాసేపట్లో వెళ్లిపోతుంది. దాన్ని ఖాళీ చేసి అప్పగించాలని చెవులాయన షరతు. ఇంకో బ్యాండు దానికోసం కాచుక్కూర్చుంది.

అడగాలి. అడగడమే గువ్వకి చేతకానిది. మంచినీళ్లు పట్టుకుని వెనకగదికి వెళ్లింది, గ్లాసులు పెట్టి వచ్చేసింది. మళ్లీ వెళ్లింది, ఖాళీ గ్లాసులు తెచ్చేసింది. మళ్లీ నీళ్లు నింపుతుంటే పిడుగు చూశాడు.

"ఏంటి గువ్వా, మమ్మల్ని చేపలనుకుంటున్నావా?"

మామూలుగా అయితే నవ్వేది. ఇప్పుడు గ్లాసులోని నీళ్లు పావడా మీద ఒలికాయి. అలాగే లోపలికి వెళ్లి, నేలచూపులు చూస్తూ చెవులాయనని అడిగింది.

"అమ్మ మొదట పాడింది... ఇంకా ఉందా అండీ?"

ఆయన వైరు చుట్టడం ఆపాడు. "ఉండాలమ్మా. తుడవాల్సింది మీ అన్నయ్యే. నేను ముట్టుకోలేదు." ఆమె ముఖం చూసి, ఆ వైరు చుట్ట పట్టుకుని మధ్యగదిలోకి తప్పుకున్నాడు.

అన్నయ్య తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు. "ఏం కావాలే నీకు?"

"అమ్మ ఊపిరి తీసుకున్నది."

"పాటలో అమ్మ ఉందిగా. చాలదా?"

"అందులో అమ్మ ఆగడం లేదు అన్నయ్యా. ఎవరో అమ్మలా పాడినట్టుంది."

 అన్నయ్య ఒక మీట నొక్కాడు. గదిలో కుట్టుమిషను ఆగింది. గుడ్డ తిప్పిన చప్పుడు. ఆ వెంటనే అమ్మ ఊపిరి, చివర్లో సన్నటి ఈలతో. గువ్వ మిషనువైపు ఒక అడుగు వేసింది.

"విన్నావుగా, ఆ ఈల" అన్నాడు అన్నయ్య. "ఆ రోజు నాకెంత నచ్చిందో తెలుసా? పిల్లనగ్రోవిలా ఉందమ్మా, ఇంకోసారి, ఇంకోసారి అంటూ పాడించాను. మైకు ఇంకా దగ్గరికి జరిపాను. ఆవిడేమో నవ్వుతూ, నీ పాట పాడుగానూ, ఆయాసమొస్తోందిరా అంటూనే పాడింది. ఆ ఈలే జబ్బని డాక్టరు చెప్పేదాకా తెలియలేదు నాకు. అందరికన్నా ముందు విన్నవాణ్ణి నేను. వినీ, బాగుందన్నాను."

"అది జబ్బని నీకెలా తెలుస్తుంది?"

"చెవులున్నాయిగా."

"నువ్వు వినకు. నాకివ్వు. ఫోనులో వేసుకుంటాను, చప్పుడు చెయ్యను. నీ ఎదుట ఎప్పుడూ పెట్టను."

"ఇంట్లో ఉంటే చాలే, నాకు వినపడుతూనే ఉంటుంది. ఒక్కో ఊపిరీ నేనే కోశాను, పిడుగుని కూడా ముట్టనివ్వలేదు. మిగిలింది కూడా నేనే తుడుస్తాను."

అతని వేలు మీట మీదకి వెళ్లింది. గువ్వ తానేం చేస్తోందో తెలియకుండానే అతని మణికట్టు పట్టుకుంది. అన్నయ్య చెయ్యి ఎప్పుడూ పట్టుకుని ఎరగదు. 

"ఒక్కటి" అంది. "అన్నీ వద్దు. ఒక్క ఊపిరి ఉంచు."

"గువ్వా, వదులు."

"నేను అమ్మని అడిగి తెచ్చుకోలేనుగా అన్నయ్యా."

ముందుగదిలోంచి నాన్న కేకేశాడు. "ఒరేయ్, వచ్చేసిందిరా. మీ అమ్మ పాట వచ్చేసింది. రండిరా అందరూ."

ఫోనులో అమ్మ మొదలుపెట్టింది. ఎక్కడా ఆగకుండా పాడుతోంది. పిడుగు లేచి ముందుగదిలోకి వెళ్లిన చప్పుడు వినిపించింది. అన్నయ్య లేచాడు. కోపంగా కాదు, నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినట్టు, గువ్వ భుజాలు పట్టుకుని గుమ్మందాకా నడిపించాడు. ఆమె రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. అతను ఒక్కో వేలూ మెల్లగా విడదీశాడు.

"నన్ను తిట్టుకో" అన్నాడు. "ఎంతైనా తిట్టుకో."

చప్పుడు బయటికి పోకుండా ఆ తలుపుకి లోపలివైపు పరుపులు కొట్టి ఉన్నాయి. అన్నయ్య దాన్ని తోశాడు. తలుపు ఆమె ముఖం మీదే మూసుకుంది.