కొత్త డిస్కూ ఇద్దరల్లుళ్ళూ

మామగారు "అల్లుడుగారూ" అని పిలిస్తే ఒకప్పుడు ఆ ఇంట్లో ఒక్కడే లేచేవాడు. రెండో అమ్మాయి పెళ్ళయ్యాక ఇద్దరు లేవడం మొదలైంది. ఈమధ్య చిన్నవాడు లేస్తున్నాడు, పెద్దవాడు సగం లేచి మళ్ళీ కూర్చుంటున్నాడు. ఇందులో చిన్నవాడి తప్పేమీ లేదు. తప్పు లేని మనిషి మీద పుట్టే అసూయకి మందు కూడా లేదు.

పెద్దల్లుడు టైర్ల షాపులో లెక్కలు చూస్తాడు. కంప్యూటర్లు చదువుకోలేదు, విప్పి బిగించి నేర్చుకున్నాడు. మామగారి ఎంబ్రాయిడరీ షాపులో కుట్టు మెషీన్‌ని నడిపించే కంప్యూటర్‌కి ఇన్నేళ్ళూ వైద్యుడు అతనే. అది మొరాయించినప్పుడల్లా కబురొచ్చేది. బాగుచేసి చేతులు దులుపుకుంటుంటే మామగారు భుజం మీద చెయ్యి వేసి, మీరు లేకపోతే నా షాపు మూతే అనేవాడు. పొద్దస్తమానం యజమాని చేత మాటలు పడే మనిషికి ఆ ఒక్క మాట చాలా రోజులు సరిపోయేది.

ఆ కంప్యూటర్‌లోని పాత హార్డ్‌డిస్కు ఇప్పుడు మూలుగుతూ పని చేస్తోంది. మామగారు కుట్టు కుట్టుగా కూర్చుకున్న డిజైన్లన్నీ, లతలూ నెమళ్ళూ జాలీలూ, అందులోనే ఉన్నాయి. వాటికి ఇంకెక్కడా నకలు లేదు. చేద్దాం చేద్దాం అంటూనే అందరూ రోజులు వెళ్ళదీశారు. ఆయన కళ్ళు మసకబారాయి, కొత్తది ఒక్కటి కూడా గీయలేడు. ఉన్నవాటితోనే షాపు నడవాలి. అందుకే ఖాళీ డిస్కు ఒకటి కొన్నారు. ముందు దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, తర్వాత పాతదాంట్లోంచి డిజైన్లు ఇందులోకి తెచ్చుకోవాలి.

సెలవు రోజున పెద్దల్లుడు స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని వెళ్ళేసరికి కంప్యూటర్ పెట్టె అప్పటికే విప్పి ఉంది. కుర్చీలో చిన్నల్లుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెమ్మదైన మాట. మీకెందుకు శ్రమ అని చిన్నల్లుడుగారే పూనుకున్నారని మామగారు మురిసిపోతూ చెప్పాడు. కొత్తొక వింత, పాతొక రోత. పెద్దల్లుడు పైకి నవ్వాడు. నా కుర్చీ, నా పెట్టె, నా మామగారు అనుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

పోనీ వాడేమైనా తప్పు చేస్తున్నాడా అంటే అదీ లేదు. పాత డిస్కు నుంచి వైరు ఊడదీసి కొత్తదానికి పెట్టాడు. పాతది పొరపాటున చెరిగిపోకుండా అదొక జాగ్రత్త. సరిగ్గా చేశానా అన్నయ్యా అని అడిగాడు కూడా. ఆ అడగడంతో పెద్దల్లుడికి ఇంకా ఒళ్ళు మండింది.

ఇంతలో అత్తగారు భోజనాలకి పిలిచింది. అందరూ లేచారు. పెద్దల్లుడు చేతులు కడుక్కొస్తానని వెనక్కి తిరిగి, షాపు గదిలో దూరాడు. కొత్త డిస్కుకున్న వైరు లాగేశాడు. డిస్కు కనబడదు, వాడు తల గోక్కుంటాడు, పెద్దల్లుణ్ణి పిలవండంటాడు మామగారు, తను వెళ్ళి చిటికెలో సరిచేస్తాడు. ఇంతే అతని పన్నాగం. కానీ గుమ్మం దగ్గర ఎవరో నడిచిన చప్పుడైంది. వైరు కొస అలా వేలాడుతుంటే దొరికిపోతాడు. చేతికి అందినదాంట్లో దాన్ని గుచ్చేసి బయటపడ్డాడు. చేతికి అందింది పాత డిస్కు.

భోజనాలయ్యాక అతను ముందు గదిలో పేపరు తెరిచి పిలుపు కోసం కాచుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి చిన్నల్లుడి గొంతు వినిపించింది.

"మామయ్యగారూ, షాపువాడు మీకు వాడేసిన డిస్కు అంటగట్టినట్టున్నాడు. ఇందులో ముందే ఏవో ఉన్నాయి. అన్నీ తుడిచేసి మొదలుపెడతాను."

తను వైరు గుచ్చింది పాత డిస్కుకేనని పెద్దల్లుడికి అప్పుడు అర్థమైంది. ఆగు అంటే చాలు. అంటే మాత్రం ఎందుకు ఆగాలో చెప్పాలి, ఆ వైరు అక్కడికెలా వచ్చిందో చెప్పాలి. అయినా లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడు కనిపించింది, చిన్నవాడి భుజం మీద మామగారి చెయ్యి. ఇన్నేళ్ళూ తన భుజం మీద ఉన్న చెయ్యి. ఒక్క క్షణం అతనికి ఇంకేమీ కనబడలేదు. ఆ ఒక్క క్షణంలోనే మౌస్ టిక్కుమంది.

తర్వాత ఆగమని చెప్పినా ప్రయోజనం లేదనుకున్నాడు. అది నిజమో కాదో తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తేలు కుట్టిన దొంగలా వచ్చి పేపరు ముందు కూర్చున్నాడు. లోపల కొత్త సిస్టమ్ లతల మీదా నెమళ్ళ మీదా తీరిగ్గా పరుచుకుంటోంది.

సాయంత్రానికి సంగతి బయటపడింది. డిజైన్లు తెచ్చుకుందామని చిన్నల్లుడు పెట్టెలోకి తొంగిచూస్తే వైరు పాత డిస్కుకే ఉంది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, చెరిగినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ప్రయత్నించాడు. వచ్చినవన్నీ తెరుచుకోని ముక్కలు.

"వైరు మార్చాననే అనుకున్నాను. నేనే తికమకపడి ఉంటాను, క్షమించండి మామయ్యగారూ," అన్నాడు. ఎవరినీ అనుమానించాలన్న ఊహే అతనికి రాలేదు.

మామగారు కసరలేదు. మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చుని, సగం కుట్టిన నెమలిని వేళ్ళతో తడిమాడు. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ ముందు గదిలోకి వచ్చి, పెద్దల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మిమ్మల్ని కాదన్నాను, తగిన శాస్తి జరిగింది. ఇకమీదట ఆ కంప్యూటర్‌ని మీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

ఇంటిల్లిపాదీ విన్నారు. చిన్నల్లుడు తలొంచుకున్నాడు.

"అలాగే మామయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు.