సత్తియ్య తలలో మచ్చ

ఉషశ్రీ ఏలూరులో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలోని సీటీ స్కానర్లకు సర్వీసింగ్ చేసే ఇంజనీరు. తొమ్మిదేళ్ల అనుభవం. ఆవిడ చెయ్యి పడితే మెషిన్ మాట వింటుందని టెక్నీషియన్లు అనేవాళ్లు. ఆ మాట వినడం ఆమెకు ఇష్టంగానే ఉండేది.

శ్రావణ మాసంలో ఒక మంగళవారం తాడేపల్లిగూడెంలోని ఓ స్కాన్ సెంటర్‌కి డిటెక్టర్ల క్యాలిబ్రేషన్‌కు, అంటే వాటి కొలతలు సరిచూడటానికి, వెళ్లింది. మనిషి ఒంట్లోంచి బయటికొచ్చిన ఎక్స్‌రేలను కొలిచేవి ఆ డిటెక్టర్లే. చిన్న చిన్న గళ్లు వందలకొద్దీ వరసగా ఉంటాయి. ఒక్క గడి కొలత తప్పినా తలలో లేని మచ్చ బొమ్మలో కనబడుతుంది. అందుకే చివర్లో నీళ్లు నింపిన గుండ్రటి డబ్బాను స్కాన్ చేసి చూడాలి. నీళ్లలో ఏమీ ఉండదు గనక బొమ్మలోనూ ఏమీ ఉండకూడదు.

ఆ రోజు ఆమె ఆ పరీక్ష చెయ్యలేదు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, తనకేమో ఆకలిగా ఉంది. ఎప్పుడు చూసినా అంకెలు అవే కదా అనుకుంది. కిందటిసారి అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి రాసి, పాస్ అని సంతకం పెట్టింది.

పన్నెండో రోజున అక్కడి టెక్నీషియన్ ఏసుకుమార్ ఫోన్ చేశాడు.

"మేడమ్, నలుగురి తలల్లో ఒకే చోట మచ్చ వస్తోందండి. సరిగ్గా నడిమధ్యలో. కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనండి. మీరు మొన్ననే చూసి వెళ్లారు కదా."

"అయ్యుంటుంది," అంది ఉషశ్రీ.

ఫోన్ పెట్టేసి, తను పాస్ అని రాసిన కాగితం తీసి చూసింది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చూస్తే ఒక గడి చెడిపోయి ఉంది. దాన్ని మార్చి, ఈసారి నీళ్ల డబ్బా పెట్టి చూసింది. బొమ్మ శుభ్రంగా వచ్చింది. నలుగురిలో ముగ్గురిని పిలిపించి మళ్లీ స్కాన్ చేశారు. నాలుగో మనిషి సత్తియ్యది కొల్లేటికోట. ఫోన్ ఎత్తడం లేదు. కళ్లు తిరుగుతున్నాయని వచ్చినవాడికి, మెదడులో గడ్డ ఉండొచ్చు, ఏలూరు వెళ్లి పెద్ద పరీక్ష చేయించుకోమని రిపోర్టు ఇచ్చారు. అతను ఏలూరు వెళ్లలేదు.

మర్నాడు ఉషశ్రీ కైకలూరులో బస్సు దిగి, ఆటోలో చేపల చెరువుల గట్ల మీదుగా కొల్లేటికోట చేరింది. సత్తియ్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. గుండు. ఆఖరిసారి స్వామిని చూసొస్తానని ద్వారకా తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాడట. చేపలు పట్టే దోనె తమ్ముడికి ఇచ్చేశాడు. చెరువు పని మానేశాడు. అన్నం సగం కూడా తినడం లేదు. ఇవన్నీ అతని భార్య దుర్గాదేవి చెప్పింది.

"మచ్చ మీ తలలో లేదండి. మెషిన్‌లో వచ్చిన తేడా అది," అంది ఉషశ్రీ.

దుర్గాదేవి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చారా తల్లీ. మీ మేలు మరిచిపోలేం," అంటూ ఏడ్చింది. లోపలికి వెళ్లి చేపల పులుసుతో కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. కొసరి కొసరి వడ్డించింది. ఉషశ్రీ అన్నం కలుపుతూనే ఉండిపోయింది.

"తినండమ్మా, మొహమాటపడకండి."

ఉషశ్రీ చెయ్యి కంచంలోనే ఆపేసింది. "మెషిన్ తప్పు కాదండి. నాది. చెయ్యాల్సిన పరీక్ష చెయ్యకుండా చేశానని రాశాను. చేసుంటే ఆ రోజే తెలిసేది."

దుర్గాదేవి వడ్డించే గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సత్తియ్య మొదటిసారి ఉషశ్రీ వంక చూశాడు.

"ఆ పరీక్షకి ఎంతసేపు పడుతుందండి?"

"ఇరవై నిమిషాలండి."

అతను గుండు మీద చెయ్యి వేసుకున్నాడు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. కాసేపటికి దుర్గాదేవే, "తినేసి వెళ్లండి. రేపు ఈయన్ని స్కాన్‌కి తీసుకొస్తాను," అంది. ఈసారి కొసరలేదు. తల్లీ అనలేదు. ఉషశ్రీ తల దించుకుని కంచం ఖాళీ చేసింది.

మర్నాడు సత్తియ్యకు మళ్లీ స్కాన్ తీశారు. తలలో ఏమీ లేదు. కళ్లు తిరగడం చెవి లోపలి జబ్బు వల్ల అని డాక్టరు మందులు రాశారు. వెళ్తూ వెళ్తూ దుర్గాదేవి ఉషశ్రీకి ఒక నమస్కారం పెట్టింది. సత్తియ్య పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు.

ఉషశ్రీ మొదట ఏసుకుమార్‌కు నిజం చెప్పింది. అతను నేల చూపులు చూశాడు. "నేను అందరికీ కరెంటు వల్లే అని చెప్పేశానండి," అన్నాడు మెల్లగా. తర్వాత జరిగింది జరిగినట్టు తన కంపెనీకి రాసింది. ఆమెను మెషిన్ల పని నుంచి తప్పించారు. పై ఆఫీసరు ఒకే ఒక్క ప్రశ్న పంపారు. ఇంతకుముందు ఇంకెక్కడైనా ఇలా చేశారా?

చింతలపూడిలో ఒకసారి చేసింది. ఏలూరులో, తన ఇంటికి రెండు వీధుల అవతలే, ఇంకోసారి. అప్పుడేమీ కాలేదు. కాలేదో, ఎవరికీ తెలియలేదో ఆమెకు తెలీదు. ఆ రెండు సెంటర్ల పేర్లూ, తేదీలూ రాసి పంపడానికి ఆమెకు ఒక పూటంతా పట్టింది.