ఒంటి పాము బ్యాడ్జి

దుబాయ్‌లోని దెయిరాలో బుడేన్ సాహెబ్ యూనిఫాం దుకాణం. దాని వెనకగదిలో హయాత్ బాషా మగ్గం ముందు కూర్చుని పాములు కుట్టేవాడు. మిలిటరీ డాక్టర్ల భుజాలకీ టోపీలకీ వెళ్లే జరీ పాములు. కడపలో పెళ్లి జాకెట్లు కుట్టిన చెయ్యి అది, పని ముచ్చటగా ఉండేది.

రెండేళ్లుగా బాషా కళ్లకు మసక. చెబితే వీసా క్యాన్సిల్, ఊళ్లో భార్య ఖుర్షీదా నోటా పిల్లల నోటా మట్టి. అందుకని నమూనా కాగితం చూడ్డం మానేసి వేళ్లను నమ్ముకున్నాడు. జెబెల్ అలీ రేవుకొచ్చే అమెరికా యుద్ధనౌకల వైద్యసిబ్బందికి ఎప్పుడూ కుట్టేది ఒకటే బొమ్మ, రెక్కల కర్రకు చుట్టుకున్న రెండు పాములు. వేళ్లకు అది కంఠతా వచ్చేసింది.

2006లో ఒక సైనిక వైద్యదళం కొత్త బ్యాడ్జి అడిగింది. "పైన నెలవంక పెట్టు, రెక్కలొద్దు. మిగతాది నీకు తెలిసిందేగా" అని బుడేన్ సాహెబ్ కాగితం పడేసి పోయాడు. బాషా దాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నా గీతలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. అడిగితే గుట్టు రట్టవుతుంది. అడక్కుండా రెండు పాములు కుట్టేశాడు.

ఆ దళం మేజరే స్వయంగా వచ్చాడు. ఆయనా డాక్టరే. హిందీ బాగానే వచ్చు.

"వైద్యానికి గుర్తు ఒంటి పాము. రెండు పాములు పాతకాలం గ్రీకుల్లో వర్తకులవి. మేమేమన్నా దుకాణం పెట్టామా?" అని కాగితం ముందుకు తోశాడు. "ఇందులో ఎన్నున్నాయో చూపించు."

బాషా వేలు కాగితమంతా తడుముకుంది. మేజర్‌కి అర్థమైంది. గడ్డం పట్టి మొహాన్ని ట్యూబులైటు వైపు తిప్పి, బొటనవేలితో కనురెప్ప ఎత్తి చూశాడు. ఇన్నాళ్లకు ఒక డాక్టరు చెయ్యి తగిలేసరికి బాషాకి ఏడుపొచ్చినంత పనైంది.

"శుక్లాలు, రెండు కళ్లకీ. చిన్న ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది."

"మీ ఆస్పత్రిలో చేస్తారా సాబ్?"

మేజర్ రుమాలుతో వేలు తుడుచుకుని బుడేన్ సాహెబ్ వైపు తిరిగాడు. "నా బ్యాడ్జీలు కళ్లు కనపడేవాడికివ్వండి."

అంతే. అంత చదువూ ఆ మాటకే పనికొచ్చింది.

"డాక్టరే చెప్పినాక నేనేం చేసేది బాషా, ఖలాస్. ఊరికి పోయి చూపించుకో," అన్నాడు బుడేన్ సాహెబ్. గొంతులో జాలి కూడా ఉంది. బాషాకి ఆ జాలికే ఎక్కువ ఒళ్లు మండింది.

ఇన్నేళ్లూ తన బీరువాలో పెట్టి తాళమేసిన బాషా పాస్‌పోర్టు తెచ్చి సాహెబ్ అతని చేతిలో పెట్టాడు. బాషా విప్పి చూశాడు. అందులో మొహం తనదో కాదో కళ్లకు ఆనలేదు.