ఇద్దరు పట్టే బల్ల

గరుకు కాగితం అరిగి నున్నబడిపోయినా గంగులు బల్ల అంచుని రుద్దుతూనే ఉన్నాడు. ఏ ఆడపిల్ల చీరకో పేడు తగులుకుందంటే ఇన్నేళ్ళ వడ్రంగం పరువు గంగలో కలవదూ! విజయనగరంలో మూతబడ్డ సినిమా హాలుని, పాత సినిమాలు దాచి జనానికి చూపించే భాండాగారంగా మారుస్తున్నారు. అక్కడ సినిమా చూసే గదికి, కూర్చునే బల్లలు చెయ్యడం అతని పని.

గదికి సొగసులు దిద్దుతున్న రాగసుధ వచ్చింది. "గంగులు గారూ, మధ్యలో చెయ్యి ఆనించుకోడానికో కర్ర బిగించండి. వచ్చినవాళ్ళకి సుఖంగా ఉంటుంది."

"ఒద్దమ్మా. మద్దెన కర్రెడితే పక్కనోలు పొరుగింటోలైపోతారు."

ఆమె నవ్వింది గానీ ఒప్పుకోలేదు. సాయంత్రానికల్లా బిగించాలంది.

అసలు మాట అతను చెప్పలేదు. మొన్న తెర సరిచూడ్డానికి, సినిమాలో కలపకుండా పారేసిన ముక్కొకటి వేశారు. భోగాపురంలో తీసిన సంత సీను. నెత్తిన బుట్టతో గుంపులో నడుస్తూ అతని భార్య ధనలక్ష్మి! పెళ్ళైన కొత్తల్లో అతను సెట్టు పనికెళ్తే, ఆమె గుంపులో నడవడానికి కూలికి కుదిరింది. అందరూ ముందుకి చూస్తూ పోతుంటే తనొక్కతే ఇటు తిరిగి ఫక్కున నవ్వేసింది. డైరెక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

"కెమేరాని ఎవులు సూసినారు? దానెనకాల నువ్వున్నావు, నిన్ను సూసినాను," అంది ఇంటికొచ్చాక.

ఆమె పోయి చాన్నాళ్ళైంది. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ముఖం మరిచిపోతానేమోనని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు. ఇప్పుడేమో తెర ఆర్పేసినా ఆ చూపు వీపుకి తగులుతూనే ఉంది. చిత్రిక పడుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగాడు. భయమూ వేసింది, ఆశా పుట్టింది. ఈ హాల్లోనే అప్పట్లో నేల టిక్కెట్టులో ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క, మధ్యన గోడ. ఆమె పక్కన కూర్చుని ఒక్క సినిమా చూసిన పాపాన పోలేదు. మళ్ళీ మధ్యన కర్రా?

సాయంత్రం రాగసుధ అడిగింది. "ఇంకా బిగించలేదేం?"

"ఆ సంత ముక్క ఇంకోపాలి ఎయ్యమ్మా. సూసి బిగిస్తాను."

అదే ముక్క మళ్ళీమళ్ళీ తిరిగేలా పెట్టి, ఆమె అవతల గదిలో దీపాలు చూడ్డానికెళ్ళింది. గంగులు బల్లకి ఓ పక్కగా ఒదిగి కూర్చున్నాడు. ధనలక్ష్మి వచ్చింది, తిరిగింది, నవ్వింది.

"వచ్చినావేటే?" అన్నాడు మెల్లగా.

రాగసుధ తిరిగొచ్చేసరికి అతని తల వెనక్కి వాలి ఉంది. కళ్ళు తెర మీదే ఉన్నాయి. పిలిచింది, భుజం తట్టింది. ఊపిరి లేదు.

కర్ర గోడకి ఆనించింది ఆనించినట్టే ఉంది. దాన్ని బిగించమని ఆమె ఇంకెవరికీ చెప్పలేదు. బల్ల రెండో సగం మీద, బస్సులో మనిషి కోసం సీటు ఆపినట్టు, గంగులు తువ్వాలు పరిచి ఉంది.